మిర్చి యార్డులో రెండు తరాల ఏజెంట్లు

జేడ్ అనే ఏజెంట్ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పే పాఠం ఒక పుస్తకాల బేరం. ఒక ప్రోగ్రామ్ పుస్తకం కొనాలి, మరికొన్ని అమ్మాలి. కొనే ప్రోగ్రామ్ నిమిషానికోసారి లేచి, అమ్మేవాళ్లెవరున్నారో జాబితాలో వెతికి, అందరికీ ఒకేసారి ‘ధర చెప్పండి’ అని కబురు పెడుతుంది. వచ్చిన ధరల్లో తక్కువది చూసి ‘ఖాయం’ అంటుంది. ఈలోగా ఆ పుస్తకాన్ని ఇంకొకరు తన్నుకుపోయి ఉంటే అమ్మే ప్రోగ్రామ్ ‘కుదరలేదు’ అని తప్పనిసరిగా జవాబివ్వాలి. మాట్లాడకుండా ఊరుకుంటే పాఠం తప్పినట్టే.

క్రూ ఏఐ నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం వేరు. ప్రతి ఏజెంట్‌కూ ఒక పాత్ర, ఒక లక్ష్యం, ఒక పూర్వకథ రాయమంటారు. ‘నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న మార్కెట్ విశ్లేషకుడివి, అంకెల్లో దిట్టవి’ అన్న ధోరణిలో నాలుగు వాక్యాలు రాస్తే ఏజెంట్ తయారు. వెనకాల పెద్ద లాంగ్వేజ్ మోడల్ ఒకటి ఉండి ఆ వేషానికి తగ్గట్టు మాట్లాడుతుంది.

రెంటి పనీ ఒక్కటే. ఎవరి బుద్ధితో వారు నడిచే ప్రోగ్రాములు పదింటిని కలిపి పని చేయించడం. జేడ్ 1998లో ఇటలీలో టెలికాం ఇటాలియా పరిశోధనశాలలో మొదలై 2000లో ఓపెన్ సోర్స్ అయింది. క్రూ ఏఐ, మైక్రోసాఫ్ట్ వారి ఆటోజెన్ 2023లో వచ్చాయి. కొత్తవి వచ్చాక పాతది పాత సామాన్ల గదిలోకి పోయిందని మన కుర్రాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి గుంటూరు మిర్చి యార్డుకు మించిన చోటు నాకు కనపడలేదు. ఏజెంట్ల వ్యవస్థ అంటే ఏమిటో పాఠ్యపుస్తకాలు ఎలా చెబుతాయో, యార్డు అలాగే నడుస్తుంది. అజమాయిషీ చేసే బుర్ర ఒక్కటి లేదు. ఎవరి దగ్గరా పూర్తి సమాచారం లేదు. అయినా పొద్దున మొదలైన బేరాలు మధ్యాహ్నానికి తెగుతాయి.

సీజన్‌లో పల్నాడు నుంచి, మార్కాపురం, త్రిపురాంతకం, యర్రగొండపాలెం వైపు నుంచి రాత్రికి రాత్రి టిక్కీలు దిగుతాయి. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైచిలుకు. రైతు తన సరుకు తానే అమ్ముకోడు, కమీషన్ వ్యాపారి కొట్టు దగ్గర దించుతాడు. కొనేవాడు వచ్చి మచ్చు తీయిస్తాడు. నాలుగు కాయలు గుప్పిట్లో నలుపుతాడు. ఎండిన కాయ అయితే లోపల గింజ గలగలమంటుంది, తేమ ఉంటే చప్పుడు రాదు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. తేజ రకానికి ఒక ధర, 334కు ఒక ధర, తాలుకు మరో ధర. (334 అన్న అంకె లాం ఫారం పరిశోధన కేంద్రం ఇచ్చింది. ఇప్పుడది ఊళ్లలో ఇంటిపేరంత మామూలైపోయింది.) ధర నచ్చితే కాటా, నచ్చకపోతే శీతల గిడ్డంగి. గుంటూరు చుట్టూ అవి వందకు పైగా ఉన్నాయి. హమాలీ, కమీషన్ పోను మిగిలింది పట్టీ మీద రైతు చేతికొస్తుంది.

ఇదే బేరాన్ని జేడ్‌లో రాయాలంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పుస్తకాల పాఠాన్నే తిరగేసి, అమ్మేవైపు నుంచి మొదలుపెడితే సరిపోతుంది. కమీషన్ కొట్టు ఏజెంట్ ‘అరవై టిక్కీల తేజ, ధరలు చెప్పండి’ అని సీఎఫ్‌పీ అనే మెసేజ్ పంపుతుంది. కొనే ఏజెంట్లలో ఒకటి ‘ప్రపోజ్, 13,200’ అంటుంది, ఇంకొకటి ‘రెఫ్యూజ్’ అంటుంది. గడువు ముగిశాక కొట్టు ఏజెంట్ ఒకరికి ‘యాక్సెప్ట్’, మిగతావారికి ‘రిజెక్ట్’ పంపుతుంది. గెలిచిన ఏజెంట్ పని ముగించి ‘ఇన్ఫార్మ్’ అనాలి, లేదా ‘ఫెయిల్యూర్’ అని ఒప్పుకోవాలి. అర్థం కాకపోతే అందుకూ ఒక మెసేజ్ ఉంది, ‘నాట్ అండర్‌స్టుడ్’. దీనికి మూలం 1980లో రీడ్ స్మిత్ రాసిన కాంట్రాక్ట్ నెట్ పద్ధతి. 1996లో పుట్టిన ఫిపా అనే ప్రమాణాల సంస్థ దాన్ని నియమావళిగా చేసింది. ఏజెంట్లు ఒకదానితో ఒకటి అనగలిగినవి మొత్తం 22 రకాల మాటలేనని తేల్చి, ఒక్కో మాటకు అర్థం నిర్ణయించింది.

ఆ 22 మాటల వెనక ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగానే కనిపిస్తుంది. మాట్లాడటం కూడా ఒక పనేనని, ‘ఇస్తాను’ అన్నవాడు వార్త చెప్పడం లేదని, ఒక బాధ్యత నెత్తికెత్తుకుంటున్నాడని ఆస్టిన్, సెర్ల్ అనే తత్వవేత్తలు చెప్పినదాన్ని ఇంజినీర్లు కోడ్‌లోకి దించారు. దించడంలో ఒక పొరపాటూ చేశారు. ఒక మెసేజ్‌కు అర్థం దాన్ని పంపిన ఏజెంట్ మనసులో ఏముందో దాన్నిబట్టి ఉంటుందన్నారు. ఏజెంట్ తాను నమ్మినదే చెప్పాలట. నమ్మిందో లేదో బయటివాడికి తెలిసేదెలా? 1998లో మునిందర్ సింగ్ ఈ లోపాన్నే పట్టుకున్నారు. మనసులు వదిలేయండి, ఆ మాట అన్నాక ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో అది నలుగురికీ కనపడేలా రాయండి అన్నారు. మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పదిమంది ముందు ధర చెప్పిన వ్యాపారి మనసులో ఏమనుకున్నాడన్నది ఎవరికీ పట్టదు. చెప్పిన ధర పట్టీ మీదికి ఎక్కిందా లేదా అన్నదే లెక్క.

జేడ్ ఓడిపోయేది బేరానికి ముందు మెట్టు దగ్గర. ‘తేజ’ అంటే ఏమిటో, తాలు శాతాన్ని ఎలా కొలవాలో, తేమను ఏ గడిలో రాయాలో ముందే ఒక పదజాలంగా తయారుచేసి అన్ని ఏజెంట్లకూ ఇవ్వాలి. ఆ పదజాలంలో లేనిది ఏజెంట్‌కు లేనట్టే. మార్కాపురం రైతు ఫోన్‌లో ‘మొన్న జల్లు పడ్డదండీ, కల్లంలో పైన ఉన్నయి కాస్త మెత్తబడ్డయి, అడుగుయి బాగానే ఉన్నయి’ అంటాడు. ఈ ఒక్క వాక్యంలో తేమ, రంగు మారే అవకాశం, టిక్కీలను రెండు లాట్లుగా విడదీయాల్సిన అవసరం అన్నీ ఉన్నాయి. జేడ్‌కు ఇందులో ఒక్క ముక్కా అందదు. ఎవరో ఒకరు కూర్చుని దాన్ని గడుల్లోకి నింపాలి. ఏజెంట్ వ్యవస్థలు ప్రయోగశాలలు దాటి పెద్దగా ఎదగకపోవడానికి చాలా కారణాలు చెబుతారు. గడులు నింపే మనిషి దొరక్కపోవడం అందులో మొదటిదని నా అభిప్రాయం.

కొత్త తరానికి ఆ బెడద లేదు. పై వాక్యాన్ని తెలుగులోనే ఇచ్చినా మంచి మోడల్ సారం పట్టుకుంటుంది, రెండు లాట్లు చేయమని తనే సలహా ఇస్తుంది. పాతికేళ్ల పదజాలాల శ్రమను ఒక్క దెబ్బతో అనవసరం చేసిన ఘనత దానిది. దాన్ని తక్కువ చేయను. ఆటోజెన్‌లో ఏజెంట్లను ఒక గుంపుగా కూర్చోబెడితే తర్వాత ఎవరు మాట్లాడాలో కూడా మోడలే నిర్ణయిస్తుంది. పది లైన్ల కోడ్‌తో నాలుగు ఏజెంట్లు చర్చ మొదలుపెడతాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

చర్చ ఎక్కడ ఆగాలన్నదే చిక్కు. ఆటోజెన్ తొలి రూపంలో సహాయక ఏజెంట్‌కు ముందుగా రాసిపెట్టిన సూచనల్లో ఒకటి, పని అయిపోతే ‘టెర్మినేట్’ అనే మాట రాయమని. అది రాయకపోతే? థాంక్యూ అంటే థాంక్యూ అనుకుంటూ, మళ్లీ కలుద్దామంటే తప్పకుండా అనుకుంటూ, పెళ్లివారి గుమ్మం దగ్గర వీడ్కోళ్ల లాగా అవి సాగుతూనే ఉంటాయి. పెళ్లివారికి బస్సు టైమైనా అడ్డొస్తుంది. ఇక్కడ ప్రతి మాటకూ టోకెన్ల (మోడల్ మాటల్ని విడగొట్టే ముక్కల) లెక్కన డబ్బు పోతుంది, అదీ తెలుగులో అయితే ఇంగ్లీషుకన్నా ఎక్కువ టోకెన్లు. అందుకే ఇన్ని రౌండ్లకు మించకూడదని ప్రోగ్రామర్ ముందే హద్దు గీస్తాడు. బేరం తెగి చర్చ ముగియడం వేరు, రౌండ్లు అయిపోయి ముగియడం వేరు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మిర్చి బేరాన్ని ఈ పద్ధతిలో ఊహించండి. ‘ముప్పై ఏళ్లుగా గుంటూరు యార్డులో ఉన్న నిక్కచ్చి కమీషన్ వ్యాపారి’ అని ఒక ఏజెంట్‌కు పూర్వకథ రాశాం. కొనే ఏజెంట్ 12,800 అంది. మనది 13,400 అంది. అవతలిది ఎగుమతులు మందగించాయని ఒక పేరా చెప్పింది. మనది ఆ ఇబ్బందిని ‘పూర్తిగా అర్థం చేసుకున్నాను’ అంటుంది. అక్కడితో బేరం జారిపోతుంది. ఎదుటివారిని మెప్పించే గుణం ఈ మోడళ్లకు శిక్షణలోనే అబ్బింది. నిక్కచ్చి అని వేషం వేసినంత మాత్రాన అది పోదు. చివరికి ‘సరే, మీ ఇష్టం’ అన్న మాట వచ్చిందనుకుందాం. మన వైపు ‘మీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టా, అలిగినట్టా? ‘చూద్దాంలెండి’ అంటే రేపు రమ్మనా, ఇక రావద్దనా? యార్డులో మనిషి మొహం చూసి చెబుతారు. చర్చ చిట్టా చదివే మోడల్ దాన్ని అంగీకారంగా రాసుకుని తర్వాతి పనికి వెళ్లిపోవచ్చు. జేడ్‌లో అయితే ‘యాక్సెప్ట్’ వచ్చిందా లేదా అన్నది ఒక్క చూపులో తేలుతుంది.

నేను ఊహించి భయపెడుతున్నానని అనుకోవద్దు. 2025లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కొత్త ఫ్రేమ్‌వర్కుల్లో ఏజెంట్ల సంభాషణలను పరిశీలించి, పని చెడే తీరులను 14గా లెక్కకట్టారు. వాటిని మూడు కుప్పలు పోశారు. పని ఏమిటో, ఎవరి హద్దు ఎంతో సరిగా చెప్పకపోవడం, ఏజెంట్ల మధ్య మాట కలవకపోవడం, అయిన పనిని సరిచూడకపోవడం. మూడూ ఫిపా నియమావళి తలకెత్తుకున్న సమస్యలకు దగ్గరివే. దాన్ని చదవకుండా ముందుకు పోయినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా తిరిగి కనుక్కుంటున్నారు. గూగుల్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన ఏటూఏ ప్రోటోకాల్‌లో ప్రతి ఏజెంట్ తనేం చేయగలదో ఒక కార్డు మీద రాసి పెట్టాలి. అప్పగించిన ప్రతి పనికీ పూర్తయింది, విఫలమైంది, తిరస్కరించాం అన్నట్టు ఒక స్థితి ఉండాలి. జేడ్‌లో ఏజెంట్ల జాబితా, ఫెయిల్యూర్, రెఫ్యూజ్ మెసేజ్‌లు చూసినవాళ్లకు ఇవి పాత చుట్టాలే. ఆటోజెన్ కూడా 2025 జనవరిలో మెసేజ్‌ల ప్రాతిపదికన తనను తాను మళ్లీ రాసుకుంది. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని ఇంకొక ఫ్రేమ్‌వర్కుతో కలిపేస్తున్నట్టు చెప్పింది.

కొత్తవాటిలో ఒకదాన్ని మాత్రం వేరుగా చూడాలి. లాంగ్‌గ్రాఫ్ 2024లో వచ్చింది. అందులో ఏజెంట్లను కూర్చోబెట్టి మాట్లాడుకోమనరు. ఏ దశ తర్వాత ఏ దశో ముందే గీస్తారు. ప్రతి దశ చివరా స్థితి భద్రపరుస్తారు. అవసరమైన చోట ఆగి మనిషి సరే అన్నాకే ముందుకు కదులుతుంది. దీన్ని చూస్తే నాకు గుర్తొచ్చేది మిర్చి కాదు, పొగాకు.

అదే నేల మీద పొగాకు పూర్తిగా వేరేలా అమ్ముడవుతుంది. 1976 జనవరి 1న ఏర్పడిన టుబాకో బోర్డుకు ప్రధాన కార్యాలయం గుంటూరే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో ప్రతి బేలుకూ ఒక నంబరు, ఒక గ్రేడు. వ్యాపారులు ఎలక్ట్రానిక్ యంత్రాల మీద ధర పాడతారు. నచ్చకపోతే రైతు బేలు వెనక్కి తీసుకుపోవచ్చు. నచ్చితే డబ్బు బ్యాంకు ఖాతాకు వస్తుంది. మధ్యలో కమీషన్ కొట్టు లేదు. ఎవరెంత పండించాలో, ఏ బ్యారన్‌కు రిజిస్ట్రేషన్ ఉందో కూడా బోర్డు చేతిలోనే. బాణాలు గీసిన పటం లాగా అన్నీ వరుసగా సాగుతాయి. తప్పు జరిగితే ఏ దశలో జరిగిందో పట్టుకోవచ్చు. పటంలో లేనిది ఎదురైతే, ఉదాహరణకు కొనేవాళ్లు ఆ ఏడు ముందుకు రాకపోతే, వ్యవస్థ తనంతట తాను దారి వెతుక్కోలేదు. వేలం ఆగిపోతుంది, రైతులు రోడ్డెక్కుతారు, ఢిల్లీ దాకా మాట వెళుతుంది. మిర్చి యార్డు అలా ఆగదు. ధర పడిపోతుంది, సరుకు శీతల గిడ్డంగుల్లోకి మళ్లుతుంది, మే నెలలో తెచ్చినవాడు డిసెంబరులో అమ్ముతాడు. రైతుకు నష్టమే కావచ్చు, వ్యవస్థ మాత్రం మెలికలు తిరుగుతూ నడుస్తుంది. లాంగ్‌గ్రాఫ్‌కూ జేడ్‌కూ మధ్య ఎంపిక నిజానికి ఈ రెంటి మధ్య ఎంపికే. పటాన్ని నమ్ముతారా, బేరాన్ని నమ్ముతారా?

పత్తికి రెండూ అక్కర్లేదు. కనీసం భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు వరకు. 2025-26 సీజన్‌కు కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చారు. రైతు పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ తీసుకోవాలి, పత్తి తేవాలి. ఆ సీజన్‌లో పొడుగు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు, తేమ ఎనిమిది శాతం దాటితే కోత, పన్నెండు దాటితే కొనరు. మొంథా తుపానుకు పత్తి తడిసిన ఏడాది ఆ పన్నెండు అంకె ఎంత బరువైందో పత్తి రైతుకు తెలుసు. ఇది ఒక వరుస, ఒక తేమ మీటరు, ఒక నిబంధన. ఇలాంటి పనికి ‘తేమ నిపుణుడి ఏజెంట్’, ‘స్లాట్ సమన్వయ ఏజెంట్’ అని వేషాలు కట్టి డెమోలు చూపించేవాళ్లున్నారు. ఒక సాధారణ డేటాబేస్ చాలు. బహుళ ఏజెంట్ల వ్యవస్థ మామూలు చాట్‌కన్నా దాదాపు 15 రెట్లు టోకెన్లు తింటుందని అలాంటి వ్యవస్థ కట్టిన ఆంత్రోపిక్ సంస్థే తన అనుభవంగా రాసింది.

ఈ ఫ్రేమ్‌వర్కులు ఏవీ లేకుండానే పనికొచ్చిన ప్రయోగం ఒకటి పక్క రాష్ట్రంలో ఉంది. ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ పేరిట 7,000 మంది మిర్చి రైతులకు వాట్సాప్‌లో సలహాలు, మట్టి పరీక్ష, యంత్రంతో నాణ్యత పరీక్ష, కొనుగోలుదారులతో డిజిటల్ బేరం కలిపి అందించారు. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందులు 9 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని వరల్డ్ ఎకనామిక్ ఫోరం ప్రకటించింది. అంకెలు నిర్వాహకులవే కాబట్టి కాస్త తరుగు తీసి చదువుకోవచ్చు. నేను గమనించింది వేరే. అక్కడ ఒక్కో పనికీ ఒక్కో సంస్థ. ఒకరి పని ఎక్కడ ముగిసి ఇంకొకరిది ఎక్కడ మొదలవుతుందో కాగితం మీద ఉంది. ఏజెంట్ల వ్యవస్థకు కావలసిందీ అదే, పూర్వకథలు కావు.

ఇంతకీ యార్డులోనే ఒక ప్రోటోకాల్ ఇప్పటికే ఉంది కదా అని గుంటూరువాళ్లు అడుగుతారు. ఉంది. ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ 2016 ఏప్రిల్ 14న 21 మండీలతో మొదలైంది, తర్వాత గుంటూరు యార్డూ అందులో చేరింది. ఆ సాఫ్ట్‌వేర్ నిర్మాణ బాధ్యత తీసుకున్నది హైదరాబాద్ కంపెనీ, నాగార్జున ఫెర్టిలైజర్స్. గేటు దగ్గర లాట్ నంబరు, నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ పాట, రైతు అంగీకారం, కాటా, బిల్లు, ఖాతాకు డబ్బు. వరుస చూస్తే ఫిపా వాళ్లు కూడా మెచ్చుకుంటారు. అయినా బేరం పాత పద్ధతిలోనే తెగిపోయాక వివరాలు తర్వాత తెర మీదికి ఎక్కించడం దేశంలో పలు మండీల్లో జరుగుతోందని పరిశీలకులు రాశారు. ప్రోటోకాల్ మీద నాకున్న ఇష్టానికి ఇది గట్టి దెబ్బే, దాచుకోను.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలి. కమీషన్ కొట్టు రైతు సరుకు అమ్మిపెట్టే చోటు మాత్రమే కాదు. విత్తనానికి, మందులకు, కూలీలకు జూలైలో అప్పిచ్చిన చోటు కూడా. మిర్చి తీసుకొచ్చి అక్కడే దించాలన్నది ఆ అప్పులో రాయని షరతు. రేపు కూడా అదే వ్యాపారులతో పని ఉంటుంది కాబట్టి కొనేవాడి మొహమూ చూడాలి. రైతు తరఫున బేరమాడేది, రైతు దగ్గర బాకీ రాబట్టేది, కొనేవాడి స్నేహం కాపాడుకునేది ఒకే మనిషి. తెర మీద లాట్ నంబరుకు ఈ మూడు ముఖాలూ కనపడవు.

ఈ ఒక్క విషయంలో రెండు తరాలూ సమానంగా గుడ్డివే. జేడ్‌లో ఏజెంట్‌కు పేరు, చిరునామా, చేసే సేవ, యజమాని పేరు రాసే చోటుంది. క్రూ ఏఐలో పాత్ర, లక్ష్యం, పూర్వకథ రాసే చోటుంది. ఎవరి మేలు కోసం, ఎవరికి బాకీపడి పని చేస్తోందో రాసే గడి రెంటిలోనూ లేదు. లాంగ్‌గ్రాఫ్ ఆగి మనిషిని అడుగుతుంది, సరే. ఏ మనిషిని అడగాలో అది గీసినవాడి ఇష్టం. రేపు ఒక కొట్టు తన రైతులందరికీ బేరమాడే యాప్ ఉచితంగా ఇచ్చిందనుకోండి. అది 13,000 దగ్గర ఒప్పుకుంటే, మెసేజ్‌ల చిట్టా మొత్తం తెరిచి చూసినా అది ఎవరి మేలు చూసిందో తేలదు.

కాబట్టి నా పంపకం ఇలా ఉంటుంది. రైతు చెప్పింది వినడానికి, కల్లంలో మెత్తబడ్డ కాయలను వేరు లాటుగా రాయడానికి కొత్త మోడలే కావాలి, ఆ పనిలో పాతదానికి చోటు లేదు. ధరలు అడగడం, జవాబులు పట్టుకోవడం, గడువు చూడటం జేడ్ తరహా కట్టుబాటుతో జరగాలి. అక్కడ వేషాలు, చర్చలు వద్దు. యాక్సెప్ట్ మెసేజ్ పంపే అధికారాన్ని మాత్రం ఏ ఏజెంట్‌కూ ఇవ్వను. అది రైతు ఫోన్ నుంచి, రైతు వేలితో వెళ్లాలి. దాని పక్కనే, తెర మీద, ఆ కొట్టుకు అతను ఎంత బాకీ ఉన్నాడో కనపడాలి.